చీర మీదికి చలికోటు: డిసెంబరులో న్యూయార్క్ చూడబోయే అమ్మానాన్నల కోసం

అమెరికా వచ్చే అమ్మానాన్నలు ఎక్కువమంది ఎండాకాలం చూసుకుని వస్తారు. పురుడు మాత్రం కాలం చూసుకుని రాదు. మా బాబు నవంబరులో పుట్టాడు. అమ్మ, నాన్న రాజమండ్రి నుంచి అక్టోబరు చివర్లోనే, న్యూయార్క్‌కి నది అవతల న్యూజెర్సీలో ఉన్న జెర్సీ సిటీలోని మా ఇంటికి వచ్చేశారు. వాళ్ళు రావడానికి వారం ముందు అమ్మ కోసం ఆన్‌లైన్‌లో ఒక కోటు తెప్పించి పెట్టాను. పిక్కల దాకా పొడవు, పరుపంత మందం. ఎంత చలినైనా ఆపుతుందని రాసి ఉంటే అదొక్కటే చూసి కొన్నాను.

ఆ కోటు వేసుకుని అమ్మ బయటికి వచ్చింది ఒక్కసారే. లిబర్టీ విగ్రహం చూడటానికి వెళ్ళాం. కోటు కిందిభాగం ఇరుకు కావడంతో కుచ్చిళ్ళు లోపల నలిగిపోయి అడుగు సాగలేదు. పడవలో మెట్లెక్కుతుంటే అంచు కాలి కింద పడింది. కూర్చుందామంటే జిప్ కిందినుంచి తెరుచుకోదు, మొత్తం విప్పాల్సిందే. విప్పుతుంటే చీర అంచు జిప్‌లో ఇరుక్కుంది. ఉప్పాడ చీర, జానెడు మేర చిరిగింది. అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఎక్కడికి రమ్మన్నా, "ఎందుకులే తల్లీ, నాకు ఇక్కడే బావుంది, మీరు వెళ్ళిరండి" అనేది. మార్చిలో తిరిగి వెళ్ళేదాకా న్యూయార్క్‌ని మా కిటికీలోంచే చూసింది. అది నాకు ఇప్పటికీ బాధే.

మూడేళ్ళ తర్వాత, కిందటి డిసెంబరులో మళ్ళీ వచ్చారు. ఈసారి కోటు సరిగ్గా కుదిరింది. నెలన్నరలో అమ్మ నగరమంతా తిరిగింది. ఎలా ఎంచుకున్నామో రాస్తున్నాను, మీ ఇంట్లో అమ్మానాన్నలు ఈ చలికాలం వస్తుంటే పనికొస్తుంది. ఒక మాట ముందే చెప్పాలి. మా అమ్మకి జాకెట్టు అంటే చీరకి జతగా కుట్టించుకునే రవికే. అందుకని మా ఇంట్లో దీన్ని కోటు అనే అంటాం.

ఇక్కడి చలి ఎలాంటిదంటే

జనవరిలో న్యూయార్క్‌లో పగలు మామూలుగా 4 డిగ్రీల దాకా ఉంటుంది, రాత్రికి సున్నా కింద 2, 3 డిగ్రీలకి దిగుతుంది. లంబసింగి చలి చూసినవాళ్ళకి ఈ అంకెలు మరీ భయపెట్టేవిగా అనిపించవు. ఇక్కడ అసలు ఇబ్బంది గాలి. థర్మామీటర్ మైనస్ 1 చూపిస్తున్నా, గంటకి 24 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి మైనస్ 7లా తగులుతుంది. ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు పెద్ద అంకె కాదు, దాని కింద 'ఫీల్స్ లైక్' అని ఉండే అంకె చూడండి. నదుల పక్కన, పొడవాటి భవనాల మధ్య సందుల్లో గాలి ఇంకా జోరుగా ఉంటుంది. మనం చూడాలనుకునేవి చాలావరకు ఆ నదుల పక్కనే ఉన్నాయి.

రెండోది, లోపల వేడి. రైల్లో, దుకాణాల్లో, మ్యూజియంలో హీటర్ ఉంటుంది. బయట వణికిన మనిషికి పది నిమిషాల్లో చెమట పడుతుంది. ఆ చెమటతో మళ్ళీ బయటికొస్తే చలి రెట్టింపవుతుంది. ఊరు చూడటమంటే రోజుకి పదిహేను ఇరవై సార్లు ఇలా లోపలికీ బయటికీ తిరగడమే. మూడోది, వాన. మంచు పడితే దులుపుకోవచ్చు. 2 డిగ్రీల చలిలో సన్నటి వాన పడితే అంతకంటే కష్టం.

అందుకే కోటు ఎంత మందంగా ఉందని చూడకండి. గాలి దూరకూడదు, తుంపరకి తడవకూడదు, ఒక్క చేత్తో తీసి వేసుకోగలగాలి. వెచ్చదనంలో సగం లోపలి బట్టలే ఇస్తాయి.

లోపల ఏం కూరారు?

కోటు లోపలి కుట్టు మీద ఒక చీటీ ఉంటుంది, అది తప్పకుండా చదవండి. 'డౌన్' అని ఉంటే బాతు లేదా హంసబాతు మెత్తటి నూగు. బరువు తక్కువ, వెచ్చదనం ఎక్కువ. దాని నాణ్యతని 'ఫిల్ పవర్' అనే అంకెతో చెబుతారు. ఒక ఔన్సు నూగు, అంటే సుమారు 28 గ్రాములు, ఎన్ని ఘనపు అంగుళాల మేర పొంగుతుందో ఆ అంకె. ఊళ్ళో తిరగడానికి 550 నుంచి 650 చాలు, 800 దాటినవి కొండలెక్కేవాళ్ళకి. డౌన్‌కి ఒక లోపం ఉంది. తడిస్తే అణిగిపోయి, వెచ్చదనం పోతుంది.

నేను డౌన్ కోటు ఒకటి చేతికిస్తే అమ్మ చీటీ చూపించి అడిగింది, ఇదేమిటే అని. చెప్పాను. "బాతు ఈకలు ఒంటి మీద వేసుకుని గుడికెలా వస్తానే?" అంది. నాకు అంతవరకు ఆ ఆలోచనే రాలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఇలాంటి పట్టింపు ఉందేమో కొనకముందే అడగండి, కొన్న తర్వాత తెలిస్తే వాళ్ళు మొహమాటపడి పైకి చెప్పరు. అలాంటివాళ్ళకి పాలియెస్టర్ కూరినవి ఉన్నాయి. చీటీ మీద 'పాలియెస్టర్ ఫిల్' అనో, 'ప్రైమాలాఫ్ట్' అనో ఉంటుంది. ఈ ప్రైమాలాఫ్ట్‌ని 1980లలో అమెరికా సైన్యం కోసం, తడిసినా వెచ్చదనం పోకూడదని తయారుచేశారు. కొంచెం బరువెక్కువ, కానీ తుంపరకి భయం లేదు, ఇంట్లోనే మెషిన్‌లో ఉతుక్కోవచ్చు. న్యూయార్క్ వానకి నా ఓటు దీనికే, పట్టింపు లేనివాళ్ళకైనా సరే.

పైగుడ్డ మీద 'వాటర్‌ప్రూఫ్' అంటే కుట్లు కూడా మూసి ఉండాలి. 'వాటర్ రెసిస్టెంట్' అంటే తుంపరని కాసేపు ఆపుతుంది. గొడుగు ఎలాగూ ఉంటుంది కాబట్టి రెండోది చాలు. సందేహముంటే, ఇంటికి తెచ్చాక చీటీలు తీయకముందే కోటు చేతి మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేసి చూడండి. ముత్యాల్లా జారిపోవాలి, గుడ్డలోకి ఇంకకూడదు.

చీర కట్టుకునేవాళ్ళకి

ఇది కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఏ దుకాణంలోనూ ఎవరూ చెప్పరు.

పొడవు మోకాలికి జానెడు పైన ఆగాలి. కింద ఎలాగూ చీర, లోపావడా, వాటి లోపల థర్మల్ లెగ్గింగ్ ఉంటాయి, కాళ్ళకి చలి అంతగా తెలియదు. సబ్‌వే (భూగర్భ రైలు) మెట్లు నిటారుగా ఉంటాయి, చాలా స్టేషన్లలో లిఫ్టు లేదు. అక్కడ పొడవాటి కోటు ప్రమాదం. కోటు కిందికి వచ్చేకొద్దీ వెడల్పవ్వాలి. నడుం దగ్గర బెల్టు ఉన్నవి వద్దు, బెల్టు కుచ్చిళ్ళ మీద పడి గుచ్చుతుంది.

జిప్ రెండువైపులా తెరుచుకోవాలి. 'టూ వే జిప్' అని అడగండి. కూర్చునే ముందు కిందినుంచి జానెడు తెరుచుకుంటే హాయిగా కూర్చోవచ్చు, ఛాతీ దగ్గర మూసే ఉంటుంది. జిప్ వెనక నిలువునా గట్టి పట్టీ కుట్టి ఉందో లేదో వేలితో తడిమి చూడండి. చీర అంచుని జిప్ పళ్ళలో పడకుండా కాపాడేది అదే. నేను మొదట కొన్న కోటుకి అది లేదు.

కోటు వేసుకునే ముందు పైటని నడుం చుట్టూ తిప్పి దోపుకోవాలి. వదిలేస్తే భుజం దగ్గర ఉండచుట్టి చెయ్యి పైకి లేవదు. రవిక బదులు మెడ దాకా ఉండే పొడుగు చేతుల స్వెటర్ వేసుకుంటే ఒక పొర మిగులుతుంది. అమ్మ మొదట ఒప్పుకోలేదు. ముదురాకుపచ్చ స్వెటర్ మీద గద్వాల చీర కట్టి అద్దంలో చూసుకున్నాక, ఇంకోటి నల్లది కొనమంది. నైలాన్, జార్జెట్ చీరలు ఇక్కడి పొడి గాలికి ఒంటికి అతుక్కుపోతాయి, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది. పట్టు, నూలు నయం.

దుకాణంలో ఎలా చూడాలి

మనిషిని తీసుకెళ్ళండి. వాళ్ళు ఏ బట్టలతో తిరుగుతారో ఆ బట్టల్లోనే, స్వెటర్‌తో సహా తీసుకెళ్ళండి. అమ్మ ఎత్తు ఐదడుగుల అంగుళం. మామూలు సైజుల్లో భుజాలు సరిపోతే చేతులు వేళ్ళ దాకా వచ్చేవి. 'పెటీట్' అనే సైజులు ఐదడుగుల నాలుగంగుళాల లోపు ఎత్తువాళ్ళకి. వాటిల్లోనే కుదిరింది.

వేసుకున్నాక రైల్లో కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తమనండి. కోటు నడుం పైకి లేచిపోతే చిన్నదన్నట్టే. కుర్చీలో కూర్చోబెట్టండి. షూ లేసు కట్టుకున్నట్టు వంగమనండి. చేతి తొడుగులు వేసుకునే జిప్ తీసి వేయమనండి. జిప్ పిడి చిన్నదైతే వేళ్ళకి దొరకదు, అప్పుడు దానికి ఒక తాడు ముక్క కట్టుకోవచ్చు. మణికట్టు దగ్గర లోపల అల్లిక పట్టీ ఉంటే గాలి చేతుల్లోంచి దూరదు. కోటుకి ఉండే టోపీ పెట్టుకుని తల పక్కకి తిప్పమనండి, తలతో పాటు టోపీ కూడా తిరగాలి. లేకపోతే రోడ్డు దాటేటప్పుడు పక్కనుంచి వచ్చే బండి కనపడదు. లోపల జిప్ ఉన్న జేబు ఒకటైనా కావాలి, పాస్‌పోర్టుకి, మందుల చీటీకి. అమ్మ అందులో లవంగాల పొట్లం కూడా పెట్టుకునేది.

చివరగా బరువు. రోజంతా మోసేది వాళ్ళే. కిలో దాటితే అరవై దాటినవాళ్ళకి సాయంత్రానికి భుజాలు లాగుతాయి. అమ్మది 900 గ్రాములు, ఇంటికొచ్చాక తూచి చూశాను.

నాన్నగారి సంగతి వేరు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, ఆయనకి కోటంటే కాలరు, గుండీలు ఉండాలి. ఉన్ని ఓవర్‌కోటు చూడటానికి హుందాగా ఉంటుంది, నిజమే. కానీ గాలి అందులోంచి దూరుతుంది, వానకి నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. మేం మధ్యేమార్గం వెతికాం. పైకి మెరుపు లేని నీలం గుడ్డ, లోపల పాలియెస్టర్ కూర్పు, జిప్ మీద గుండీల పట్టీ. బయటికి ఓవర్‌కోటులాగే కనిపిస్తుంది. చూడటానికి బావుండాలంటే ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా ఇదే సూత్రం: గుడ్డ మెరవకూడదు, అడ్డకుట్ల మధ్య ఉబ్బులు సన్నగా ఉండాలి, లేదా కనపడకూడదు. కోటు రంగు వల్ల ఫోటోలో మనిషి కనపడాలి. నలుపు మీద నూగంతా కనిపిస్తుంది. అమ్మ ముదురు మెరూన్ తీసుకుంది, జనంలో తప్పిపోతుందన్న టెన్షన్ కూడా తగ్గింది.

కొనేది న్యూజెర్సీలో అయితే బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు. న్యూయార్క్ నగరంలో 110 డాలర్ల లోపు వాటికే మినహాయింపు, ఆపైన 8.875 శాతం పడుతుంది. మేం ఎలిజబెత్‌లోని జెర్సీ గార్డెన్స్ మాల్‌కి వెళ్ళాం. పెరామస్ వైపు వెళ్ళేవాళ్ళు ఆదివారం పెట్టుకోకండి, అది ఉన్న బెర్గెన్ కౌంటీలో ఆ రోజు బట్టలు అమ్మకూడదని చట్టం ఉంది. అమ్మ కోటు 90 డాలర్లు. రూపాయల్లోకి మార్చి లెక్కేస్తుందని ధర చీటీ ముందే తీసేశాను.

ఊరి నుంచి లావుపాటి కోట్లు కొని తేవద్దని చెప్పండి. విజయవాడలో, హైదరాబాద్‌లో చలికాలం టిబెటన్లు అమ్మే స్వెటర్లు, శాలువలు, మంకీ క్యాపు చాలు, అవన్నీ లోపలి పొరలకి పనికొస్తాయి. విమానాశ్రయానికి మాత్రం మీ కోటు ఒకటి, మీ ఆయన కోటు ఒకటి పట్టుకెళ్ళి బయటికి రాకముందే వాళ్ళకి వేయండి. వాళ్ళ సొంతవి మర్నాడు కొనచ్చు.

తిరిగేటప్పుడు

స్టేషన్ మెట్లు దిగకముందే జిప్ సగం తెరవాలి. చెమట పట్టాక తెరిస్తే ఆలస్యమైనట్టే. లిబర్టీ విగ్రహానికి వెళ్ళే పడవ పైఅంతస్తులో గాలి కొడుతుంది, కాసేపు ఫోటోలు తీసుకుని కిందికి వచ్చేయాలి. స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఉచితం, ప్రయాణం 25 నిమిషాలు, విగ్రహం దారిలోనే కనిపిస్తుంది, వెచ్చగా లోపల కూర్చునీ చూడవచ్చు. పెద్దవాళ్ళతో మొదటిరోజు ఇదే మంచిది. 1883లో కట్టిన బ్రూక్లిన్ వంతెన మీద నడక మైలు పైనే, మధ్యలో తలదాచుకునే చోటు లేదు. గాలి తక్కువున్న మధ్యాహ్నం వెళ్ళండి. ఎంపైర్ స్టేట్ 86వ అంతస్తు ఆరుబయలే, టోపీ బిగించే తాడు అక్కడ పనికొస్తుంది.

న్యూయార్క్‌లోనే ఉన్న ఫ్లషింగ్ గణపతి గుడికి కూడా వెళ్ళాం. 1977 నుంచి ఉన్న గుడి. చెప్పులు విప్పాలి కాబట్టి ఉన్ని సాక్సులు వేసుకెళ్ళండి. దర్శనమయ్యాక కింద క్యాంటీన్‌లో దోసె తింటూ, కోటు ఒళ్ళో పెట్టుకుని అమ్మ అడిగింది, "రేపెక్కడికే?" అని.

వాళ్ళు వెళ్ళాక కోటు జిప్‌లన్నీ మూసి, చన్నీళ్ళలో ఉతికి, తక్కువ వేడి మీద రెండు టెన్నిస్ బంతులతో ఆరబెట్టండి. కూర్పు ఉండలు కట్టదు. సూట్‌కేసులో అణిచి పెట్టకుండా హ్యాంగర్‌కి తగిలించి, పాత నూలు దుప్పటి కప్పండి. ఉతికే ముందు జేబులు చూడండి. అమ్మ లోపలి జేబులో లవంగాల పొట్లం అలాగే ఉంది. కోటు ఆరాక మళ్ళీ అందులోనే పెట్టాను.