ఛాసిస్ నంబరు, బాడీ ప్లేటు ఆధారంగా పాత కారు అసలు రకాన్ని గుర్తించే విధానం

పాత కారును పరిశీలించేవారు బానెట్ ఎత్తగానే మొదట చూసేది రివెట్లతో బిగించిన చిన్న లోహపు ప్లేటునే, అంటే బండి రకం, నంబరు ఉండే బాడీ ప్లేటునే. అయితే బండి రకాన్ని నిర్ణయించడంలో ఆ ప్లేటుకు రెండో స్థానమే ఇవ్వాలి. రివెట్లు తొలిస్తే ప్లేటు ఊడివస్తుంది, వేరొక బండికి ఎక్కుతుంది. పేరున్న కొన్ని పాత వాహనాల ప్లేట్లను అచ్చం పాతవాటిలా కొత్తగా చేసి అమ్మేవారు కూడా ఉన్నారు. కనుక ఛాసిస్ (బండి అడుగు చట్రం) ఇనుములోనే గుద్దిన నంబరును ముందు చదివి, తర్వాత ప్లేటును, ఆపైన బాడీ నిర్మాణాన్ని, చివరగా ఆర్సీని చూడడం సరైన వరుస.

ఆర్సీని చివరకు పెట్టడానికి మన ప్రాంతంలో ప్రత్యేక కారణం ఉంది. చిత్తూరు అటు తమిళనాడుకూ ఇటు కర్ణాటకకూ సరిహద్దు కావడం వల్ల, మద్రాసులోనో వేలూరులోనో కోలారులోనో మొదట రిజిస్టరై, తర్వాత ఎన్‌వోసీతో (పాత ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రంతో) ఇక్కడికి వచ్చి ఏపీ 03 నంబరు తీసుకున్న బండ్లు కనిపిస్తాయి. కాగితం ఒక ఆఫీసు నుంచి మరొక ఆఫీసుకు మారి, చేతిరాత పుస్తకం నుంచి కంప్యూటరుకు ఎక్కే క్రమంలో 3 కాస్తా 8 కావచ్చు, తయారీ సంవత్సరం గడిలో రిజిస్ట్రేషన్ సంవత్సరం పడవచ్చు. రకం పేరు దగ్గర కేవలం ‘ఫియట్’ అని రాసి వదిలేసిన ఆర్సీ ఎదురైతే, 1964లో వచ్చిన 1100 డిలైటా, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో అమ్మిన బండా అన్నది కాగితం చూసి తేల్చలేము.

గుద్దిన నంబరును చదవడానికి ముందు ఆ చోట పేరుకున్న గ్రీజును కిరసనాయిలులో తడిపిన గుడ్డతో నెమ్మదిగా తుడవాలి. షెడ్డులో కుర్రవాడు గ్రైండరు పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. అతడిని ఆ చోటికి రానివ్వకూడదు, ఎందుకంటే లోతు తక్కువగా పడిన అంకె ఒక్క రాపిడికే పోతుంది. ఆరిన తర్వాత పల్చని కాగితాన్ని నంబరు మీద కదలకుండా అతికించి, మెత్తని పెన్సిలును వాల్చి పట్టి ఒకే దిశలో రుద్దితే అంకెలు తెల్లగా తేలుతాయి. రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు జత చేసే పెన్సిల్ ప్రింటు కూడా ఇదే. కంటికి 3 లాగా కనిపించినది నిజానికి తుప్పు తిన్న 8 అయితే, ఎడమవైపు వంపుల జాడ ఈ ప్రింటులో తరచుగా బయటపడుతుంది. అంకెల మధ్య దూరం, లోతు, అక్షరాల తీరు ఒకే విధంగా ఉన్నాయో లేదో గమనించాలి. చుట్టూ ఇనుము పల్లంగా అరిగి ఉన్నా, వెల్డింగు గీత చతురస్రంగా కనిపించినా, ఆ ఒక్క చోట మాత్రమే పుట్టీ మందంగా ఉన్నా, నంబరు మార్చి ఉండవచ్చు కనుక బేరం అక్కడితో ఆపడం మంచిది.

ఆ తర్వాత నంబరు పొడవును చూడాలి. 17 అక్షరాల నంబరు 1981 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చింది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు. కాబట్టి 1965 నాటి బండి అని చెబుతూ 17 అక్షరాల నంబరు చూపిస్తే ఆ రెండింటిలో ఒకటి అబద్ధం. అంతకు ముందు ప్రతి కంపెనీ తనదైన లెక్క పాటించింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో 1965 మోడల్ నుంచి మొదటి రెండు అంకెలు రకాన్ని, మూడో అంకె మోడల్ సంవత్సరపు చివరి అంకెను తెలుపుతాయి. 117తో మొదలైతే అది 1967 మోడల్ సెడాన్, అంటే 1966 ఆగస్టు తర్వాత తయారైనది. వెనుక సీటు కింద, బండి నేల మధ్యలో పొడవునా ఉబ్బెత్తుగా ఉండే సొరంగం మీద ఈ నంబరు గుద్ది ఉంటుంది. బీటిల్ బాడీ బోల్టులు విప్పితే అడుగుభాగం నుంచి వేరుపడుతుంది కనుక, ముందు డిక్కీలోని ప్లేటును ఈ నంబరుతో పోల్చి చూడక తప్పదు.

ఇంగ్లండులో తయారైన మోరిస్ మైనర్ ప్లేటు మరింత ఉదారంగా వివరాలిస్తుంది. ‘ఎంఏ2ఎస్5’ అని ఉంటే ఎం మోరిస్‌ను, ఏ ఇంజిన్ తరగతిని, 2ఎస్ రెండు తలుపుల సెలూన్‌ను, 5 శ్రేణిని సూచిస్తాయి. 2ఎస్ స్థానంలో ఒక్క ఎస్ ఉంటే నాలుగు తలుపులు, టీ ఉంటే పైకప్పు మడిచే బండి, డబ్ల్యూ ఉంటే వెనుక చెక్క చట్రం ఉన్న ట్రావెలర్. చివరి అంకె 3 అయితే 948 సీసీ, 5 అయితే 1962లో వచ్చిన 1098 సీసీ ఇంజిన్ ఉండాలి. ప్లేటు మీద ఎస్ ఉండి ఎదుట రెండు తలుపుల బండి నిలబడితే ఆ ప్లేటు ఆ బండిది కాదు.

అన్నింటికన్నా చిక్కైనది రెండో ప్రపంచయుద్ధ కాలపు జీపు. ఒకే నమూనాను విల్లీస్ ఎంబీగా, ఫోర్డ్ జీపీడబ్ల్యూగా రెండు కంపెనీలు తయారుచేశాయి. విడిభాగాలు ఒకదానికొకటి సరిపోతాయి, యుద్ధం ముగిసిన తర్వాత ఎనిమిది దశాబ్దాలుగా మెకానిక్కులు వాటిని కలుపుతూనే ఉన్నారు. విల్లీస్‌లో ఛాసిస్ ఎడమ పట్టీ లోపలివైపు, ముందు బంపరుకు దగ్గరగా నంబరు ప్లేటు రివెట్ చేసి ఉంటుంది. ఫోర్డ్‌లో అదే పట్టీ పైభాగాన, ఇంజిన్ పక్కగా, నంబరును ఇనుములోనే గుద్దారు. ప్లేటు పోయినా చింత లేదు: రేడియేటరు కింద ముందు అడ్డబద్ద గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన కాలువ ఆకారంలో ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ తన బోల్టుల తలల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం వేసింది, అయితే బోల్టులు చేతులు మారే వస్తువులు కనుక వాటిని సాక్ష్యంగా ఎక్కువ లెక్కించరాదు. 1944 నుంచి రెండు కంపెనీలకూ ఒకే తరహా బాడీ రావడంతో ఆ తర్వాతి బండ్లలో బాడీని బట్టి కంపెనీని చెప్పడం కష్టం. ముందు జాలీలో తొమ్మిది చీలికలకు బదులు ఏడే ఉంటే అది యుద్ధానంతరపు సీజే (పౌరుల కోసం చేసిన) జీపు జాలీ. డాష్‌బోర్డు మీద ఎంత అందమైన సైనిక ప్లేటున్నా ఈ లెక్క మారదు.

ఇంజిన్ నంబరును రకానికి ఆధారంగా వాడడంలో జాగ్రత్త అవసరం. తిరుమల కొండ మీదికి యాత్రికులను చేరవేసిన అంబాసిడర్లలో పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ వేయించుకున్నవి ఎన్నో ఉన్నాయి. మార్క్ 2, 1975 నాటి మార్క్ 3, 1979 నాటి మార్క్ 4 మధ్య తేడాలను జాలీ, లైట్లు చూసి చెప్పేవారు ఉన్నా, ఘాట్ రోడ్డులో తిరిగిన బండికి ముందుభాగం ఏ సంవత్సరపుదో అతికించి ఉంటారు. జాలీ ఏది చెప్పినా ఛాసిస్ నంబరుతో సరిపడితేనే దాన్ని అంగీకరించాలి.

ఈ శ్రమకు ఇప్పుడు చట్టపరమైన ప్రయోజనం కూడా ఉంది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మారకుండా అసలు రూపంలో ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అటువంటి బండిని నిత్యం తిప్పడానికి వీలు లేదు. దరఖాస్తుకు ముందే పెన్సిల్ ప్రింటు, ప్లేటు ఫొటో, రివెట్ల దగ్గరి ఫొటో, ఆర్సీ ప్రతి ఒకే ఫైలులో తేదీలతో ఉంచుకోవాలి. నంబరు తుప్పుకు పూర్తిగా పోయి ఉంటే, షెడ్డులో అక్షరాల పంచులతో తిరిగి గుద్దించడానికి పూనుకోకుండా, బండిని ఉన్నది ఉన్నట్టు రవాణా శాఖ అధికారికి చూపించి లిఖితపూర్వక అనుమతి తీసుకున్న తర్వాతే ఇనుము మీద చేయి వేయించాలి.