మగవారి దీర్ఘకాలిక పొత్తికడుపు నొప్పికి పల్లేరు పనిచేస్తుందా: పరీక్షించవలసిన తీరు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో మూత్రంలో మంట అనగానే పల్లేరు కాయల కషాయం గుర్తుకు వస్తుంది. నెలల తరబడి పొత్తికడుపులోనూ, వృషణాలకూ మలద్వారానికీ మధ్య భాగంలోనూ నొప్పి పడుతూ, మూత్ర పరీక్షలో ఏ సూక్ష్మజీవీ కనిపించక తిరిగి వచ్చిన మగవారు కూడా చివరకు ఈ కషాయాన్నే ఆశ్రయిస్తారు. అది వారికి నిజంగా మేలు చేస్తోందా అని తేల్చుకోదలచిన ఆయుర్వేద వైద్యులకూ, వారితో కలిసి పనిచేయగల ఆసుపత్రి డాక్టర్లకూ ఉపయోగపడాలని ఈ క్రమాన్ని రాస్తున్నాను.

ముందుగా ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించాలి. గత 6 నెలలలో కనీసం 3 నెలలు నొప్పి ఉండి, మూత్రం కల్చర్‌లో (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) ఇన్ఫెక్షన్ బయటపడని వారినే తీసుకోవాలి. మూత్రంలో రక్తం, జ్వరం, మూత్రం రాకుండా ఆగిపోవడం, వృషణంలో గడ్డ, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ఆ మనిషిని పరీక్షలో చేర్చకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి. మూత్రకోశపు క్షయ, రాళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్ కూడా ఇలాంటి నొప్పితోనే మొదలు కావచ్చు కనుక ఈ జల్లెడ పట్టకుండా కషాయం ఇవ్వడం ప్రమాదం.

ఈ నొప్పి దానంతట అదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. మనిషి భరించలేని రోజుల్లోనే వైద్యుని దగ్గరకు వస్తాడు కాబట్టి, ఏమీ ఇవ్వకపోయినా కొన్ని వారాలకు కొంత ఉపశమనం కనబడవచ్చు. దానికి మందు మీది నమ్మకం తోడైతే ఏ వేరు ఇచ్చినా గొప్ప మందుగానే తోస్తుంది. అందువల్ల పోల్చి చూడటానికి రెండో గుంపు లేని పరీక్ష ఎంత శ్రద్ధగా చేసినా పల్లేరు గురించి ఏమీ చెప్పలేదు. మూలికల సారాన్ని ఇలా పోల్చి చూడటం కొత్త కాదు: 2009లో ప్రచురితమైన జర్మనీ పరిశోధనలో పుప్పొడి సారాన్ని 139 మంది మగవారిలో 12 వారాల పాటు ప్లాసిబోతో (మందు లేని ఉత్తుత్తి గుళికతో) పోల్చి చూశారు.

తరువాత మొక్క. ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా అవుతుంది. మన సంతలలో చిన్న పల్లేరు, ఏనుగు పల్లేరు రెండూ పల్లేరు పేరుతోనే అమ్ముతారు, కానీ అవి వేరు వేరు కుటుంబాల మొక్కలు. చిన్న పల్లేరు నేలమీద పాకుతుంది, చిన్న చిన్న ఆకులు జతలుగా ఉంటాయి, ఎండిన కాయ ముళ్లున్న ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఏనుగు పల్లేరు కాయ విడిపోదు, నాలుగు కోణాలతో, మొదలు దగ్గర ముళ్లతో గట్టిగా ఉంటుంది. దాని పచ్చి కొమ్మను నీటిలో కలియబెడితే నీరు జిగటగా మారుతుంది. పూలు రెండింటికీ పసుపే కనుక పూవును చూసి నిర్ణయించకూడదు. సేకరించిన ప్రతి విడత నుంచీ వేరు, పూవు, కాయలతో ఒక మొక్కను కాగితాల మధ్య ఆరబెట్టి, స్థలం, తేదీ రాసి, దగ్గరి విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్ర విభాగంలో గుర్తింపు చేయించాలి. వైద్యుని యోగంలో (మందు మిశ్రమంలో) ఇంకేమి కలుస్తున్నాయో కూడా అడిగి తెలుసుకోవాలి. ఈశ్వరి వేరు అందులో ఉంటే దాన్ని పూర్తిగా తొలగించాలి, ఎందుకంటే అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్‌ను కూడా కలిగిస్తుంది. పొడిని ప్రయోగశాలకు పంపి సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎంలకు (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లకు) మించలేదని నిర్ధారించుకోవాలి.

కషాయంగా ఇస్తే దాని రుచిని ఎవరూ దాచలేరు. కాబట్టి ఒక పాలు ముతక పొడికి 16 పాళ్ల నీరు పోసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచి, వడకట్టి, ఆరబెట్టి, ఆ పొడిని క్యాప్సూల్స్‌లో నింపడం మంచిది. అదే రంగు, అదే బరువు గల పిండి క్యాప్సూల్స్ రెండో గుంపుకు ఇవ్వాలి. ఎవరికి ఏది అనేది చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా తేలాలి. ఆ సంకేతాల జాబితా రోగులను చూడని ఒక ఫార్మసిస్టు వద్దే సీలు వేసి ఉండాలి.

కొలత కోసం ఈ నొప్పి కోసమే ఉన్న అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ప్రశ్నావళిని వాడాలి. అందులో నొప్పికి 21, మూత్ర బాధలకు 10, జీవన నాణ్యతకు 12, మొత్తం 43 పాయింట్లు; 6 పాయింట్లు తగ్గితే మనిషికి తేడా తెలిసినట్టు పరిగణిస్తారు. ప్రశ్నలను తెలుగు, ఒడియా, అవసరమైన చోట సవర భాషలలోకి మార్చి, వేరొకరి చేత తిరిగి మూలభాషలోకి మార్పించి సరిచూడాలి. చదువురాని వారికి చదివి వినిపించే వ్యక్తి మగవాడై ఉండాలి, గది తలుపు మూసి ఉండాలి. స్ఖలనం నొప్పి గురించిన ప్రశ్నకు భార్య, అన్న, మేనమామ ఎదుట ఎవరూ నిజం చెప్పరు.

పాయింట్ల వ్యాప్తి (ప్రామాణిక విచలనం) 8 ఉంటుందని అనుకొని, 6 పాయింట్ల తేడాను పట్టుకోవడానికి గుంపుకు 28 మంది కావాలి. మానేసేవారిని దృష్టిలో పెట్టుకొని గుంపుకు 35 మందిని చేర్చుకోవాలి. గంజాం వైపు నుంచి సూరత్ వెళ్లే కూలీలు మధ్యలో దొరకరు కనుక ఫోన్ నంబర్‌తో పాటు ఇంటిలో ఒకరి నంబరు కూడా తీసుకొని, సెలవులకు ఊరు వచ్చే కాలం ఎంచుకోవాలి.

బరంపురం లేదా కోరాపుట్ వైద్య కళాశాల నైతిక సంఘం అనుమతి, జాతీయ క్లినికల్ పరీక్షల రిజిస్టరులో నమోదు, మొదటి రోగిని చేర్చుకోకముందే పూర్తి కావాలి. యోగం చెప్పిన ఊరి వైద్యునితో ముందుగానే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అతని జ్ఞానం లాభంగా మారితే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం అతనికీ, అతని సమాజానికీ వాటా ఉండే వీలుంది. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్త పరీక్ష), కాలేయ పరీక్షలు మొదట్లో, 4వ వారంలో, 12వ వారంలో చేయించాలి. మధుమేహం, రక్తపోటు మందులు వాడేవారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

చివరకు లెక్క కట్టేటప్పుడు, మందు మధ్యలో మానేసిన వారిని కూడా మొదట పడిన గుంపులోనే ఉంచాలి. ఏ గుంపులో ఉన్నారో ప్రతి మనిషికీ తెలియజేయాలి, పల్లేరు పనిచేయలేదని తేలితే ఆ సంగతిని కూడా రిజిస్టరులోనూ, వైద్యునికీ ఒకే మాటగా చెప్పాలి.