కిట్ మార్చమంటే కీబోర్డు కదలట్లేదా?

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే ఆర్కెస్ట్రా వాళ్లకి తీరిక ఉండదు. ల్యాప్‌టాప్ నుంచి కీబోర్డుకి రిథమ్ ట్రాక్ పంపేవాళ్లు ఇదొకసారి చూసుకోండి.

డ్రమ్ కిట్ (డ్రమ్ శబ్దాల సెట్) మారాలంటే ప్రోగ్రామ్ ఛేంజ్ (శబ్దం మార్చమని చెప్పే మిడి మెసేజ్) ఒక్కటే చాలాసార్లు సరిపోదు. శబ్దాల బ్యాంక్‌ని ఎంచే సీసీ (కంట్రోల్ ఛేంజ్) మెసేజ్‌లు రెండు: ముందు సీసీ 0, తర్వాత సీసీ 32, ఆఖర్న ప్రోగ్రామ్ ఛేంజ్. వరస ఇదే. బ్యాంక్ నంబర్లు రెండూ వెళ్లినా ప్రోగ్రామ్ ఛేంజ్ అందేదాకా పాత శబ్దమే పలుకుతుంది. యమహా వాళ్ల ఎక్స్‌జీ పద్ధతిలో డ్రమ్ కిట్లకి సీసీ 0 విలువ 127, సీసీ 32 విలువ 0. జీఎమ్ 2 (జనరల్ మిడి 2) పద్ధతిలో సీసీ 0 విలువ 120. డ్రమ్స్ వెళ్లే మిడి ఛానల్ మామూలుగా 10.

అసలు తలనొప్పి నంబర్ల లెక్కతోనే. మాన్యువల్‌లో సాధారణంగా 1 నుంచి 128 దాకా రాస్తారు, కేబుల్‌లో నడిచేది మాత్రం 0 నుంచి 127. ఎక్స్‌జీ జాజ్ కిట్ 33 అని కనిపిస్తే, సున్నా నుంచి లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌లో 32 కొట్టాలి. ఎవరు పెట్టారో గానీ ఈ పద్ధతి!

మూడు మెసేజ్‌లనీ ఒకే టిక్ (ట్రాక్‌లో అతి చిన్న కాలం గీత) మీద పెట్టకండి, వరస తారుమారయ్యే అవకాశం ఉంది. కాస్త ఎడం ఇచ్చి, మొదటి దెబ్బకి ముందు ఖాళీ బార్‌లో పెట్టండి. ఎక్స్‌జీ రీసెట్ (సెట్టింగులన్నీ మొదటికి తెచ్చే మెసేజ్) వాడితే అది వీటన్నిటికంటే ముందు రావాలి, లేకపోతే మీరు ఎంచుకున్న కిట్ పోతుంది. తబలా, ఢోలక్ ఉన్న కిట్ల నంబర్లు మోడల్‌ని బట్టి మారతాయి. మీ కీబోర్డు డేటా లిస్ట్ పీడీఎఫ్‌లో ఆ నంబర్లున్న పేజీ చూసి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.