జపనీస్ క్రియలు: అర్థం తెలిసినా వాక్యం ఎందుకు తప్పుతోంది?

ఎన్5 కి (జపనీస్ భాషా పరీక్షలో మొదటి మెట్టు) చదివేవాళ్ళు మాటల అర్థాలన్నీ బట్టీ పట్టేసి కూడా వాక్యం దగ్గర తప్పు చేస్తారు, చాలాసార్లు దానికి కారణం మన తెలుగు అలవాటే.

సమస్య: కుక్క ఉంది అనడానికి "ఇను గ అరిమస్" అనేయడం.
కారణం: మనకి కుక్క ఉంది, కుర్చీ ఉంది, రెండూ "ఉంది"యే. జపనీస్ లో తనంతట తాను కదిలేవాటికి ఇరు, మిగతావాటికి అరు (మర్యాదగా అంటే ఇమస్, అరిమస్).
పరిష్కారం: ప్రాణం ఉందా అని కాదు, కదులుతుందా అని చూడండి. చెట్టుకి ప్రాణమున్నా అరిమస్. చెరువులో ఈదే చేపకి ఇమస్, అదే చేప మార్కెట్లో ఐస్ మీదుంటే అరిమస్.

సమస్య: ఫోన్లో ఫ్రెండ్ రమ్మంటే "ఇమ కిమస్" (ఇప్పుడు వస్తున్నా) అనడం.
ఇది నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. మనం "వస్తున్నా వస్తున్నా" అంటాం కదా, అంటే పిలిచినవాళ్ళ వైపు నుంచి చూసి మాట్లాడతాం, జపనీస్ లో అలా కుదరదు, నేనున్న చోటు వదిలి వాళ్ళ దగ్గరికి బయల్దేరుతున్నా కాబట్టి "ఇమ ఇకిమస్" (ఇప్పుడు వెళ్తున్నా) అనే అనాలి. మొదట్లో "వెళ్తున్నా" అంటే అలిగి వెళ్ళిపోతున్నట్టు అనిపించేది. నాకు దారి చూపించింది "ఇత్తెకిమస్", ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అనేది, అచ్చం మన "వెళ్ళొస్తా"నే! వెళ్ళడం ఇకు, మళ్ళీ ఈ ఇంటికే రావడం కురు, రెండూ ఒక్క మాటలో ఉన్నాయి. గడప దాటేటప్పుడల్లా పైకి అనండి, తేడా దానంతటదే పట్టుబడుతుంది.

సమస్య: ఫ్రెండ్ నాకు పుస్తకం ఇచ్చాడు అనడానికి "తొమొదచి గ వతషి ని హొన్ ఒ అగెమషిత" అనడం.
మనకి ఎవరు ఎవరికిచ్చినా "ఇచ్చాడు" ఒక్కటే. అక్కడ వస్తువు నా వైపు వస్తే కురెరు, నా నుంచి బయటికి పోతే అగెరు, కాబట్టి ఇక్కడ కురెమషిత. నా చెల్లికి బయటివాళ్ళిచ్చినా కురెరే, ఇంటివాళ్ళు నా వైపు లెక్క. మలయాళం వచ్చినవాళ్ళకి ఇది ఈజీ, వాళ్ళకీ ఇలాంటి రెండు మాటలున్నాయి.

చివరిది, "తెలీదు". రేపు వస్తావా అంటే ఏమో తెలీదు అనుకుని "షిరిమసెన్" అంటే, నాకేం సంబంధం అన్నట్టు తగులుతుంది. నా సంగతి నేనే ఇంకా తేల్చుకోలేదు అనడానికి "వకరిమసెన్". బయటి సమాచారం, ఎవరిదో పేరు, ఏదో ఊరు, అలాంటివి తెలియకపోతే షిరిమసెన్ వాడొచ్చు.