ఆవిరి తన్నుతుంటే పిండి మెత్తకండి, మంట తగ్గించండి

మాఘమాసం పెళ్లిళ్లూ ఇంటర్ ప్రాక్టికల్సూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. విజయవాడ, గుంటూరుల్లో ఓవైపు దమ్ గుండిగలు, మరోవైపు ల్యాబుల్లో బర్నర్లు. కుక్కర్ పేలిందన్న వార్త చదివి హడలిపోయేవాళ్లు కూడా చేసే తప్పు ఒకటుంది: ఆవిరి కారుతున్న చోటును ఇంకా గట్టిగా మూసేయడం.

దమ్‌కి మూత అంచు మూసే పిండి చపాతీ పిండికన్నా కాస్త మెత్తగా ఉండాలి. రెండు కప్పుల గోధుమపిండికి కప్పుకి తక్కువే నీళ్లు. బొటనవేలు లావు తాడులా చేసి, గిన్నె అంచు మీద తడి, జిడ్డు తుడిచాకే అంటించండి. జిడ్డుంటే పట్టదు. తాడు చేసింది మొదలు తడిగుడ్డ కప్పండి, ఎండితే పగుళ్లిస్తుంది.

ఈ పిండి అతుకు బలహీనంగా ఉండటమే మనకు రక్ష. లోపల ఆవిరి ఎక్కువైతే ఎక్కడో ఓ చోట విడి, బుస్సుమంటుంది. అప్పుడు దానిమీద మళ్లీ పిండి మెత్తి పొత్రం ఎత్తి పెడతారు. 40 సెం.మీ. వ్యాసమున్న గుండిగ మూత వైశాల్యం సుమారు 1250 చదరపు సెం.మీ. ఒక్కో చదరపు సెం.మీ. మీద 100 గ్రాముల ఒత్తిడి చాలు, 125 కిలోల బలంతో మూతను పైకి తంతుంది. బుస్సుమందంటే మంట ఎక్కువైందని. మంట తగ్గించండి, కింద పెనం పెట్టండి. మెత్తకండి.

ల్యాబులోనూ అంతే. స్వేదనం చేసేటప్పుడు ఫ్లాస్కు నుంచి రిసీవర్ (చల్లబడిన ద్రవం పడే పాత్ర) దాకా ఎక్కడో ఒక చోట గాలికి దారి ఉండాలి. అన్నీ బిగించి వేడి చేస్తే గాజు పగులుతుంది. జాయింట్ కారిందా, ముందు బర్నర్ ఆపండి, తర్వాతే గ్రీజు.

గ్రీజు జాయింట్‌లో లోపలికి దూరే గాజు పైభాగానికే, పల్చగా. తిప్పితే గాజు పారదర్శకంగా కనబడాలి, అంతకుమించి రాస్తే కారి లోపలి ద్రవంలో కలుస్తుంది.
పారాఫిల్మ్ (మూతులకు చుట్టే సాగే మైనపు పొర) వేడి తగిలేచోట వద్దు, 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.
ద్రవం ఎగిసిపడకుండా కాగడానికి వేసే పింగాణీ ముక్కలు అది చల్లగా ఉన్నప్పుడే వేయండి. కాగుతున్న దాంట్లో వేస్తే ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది.
కుక్కర్ రబ్బరు సాగితే గుడ్డ చుట్టకండి, మార్చండి.
సేఫ్టీ వాల్వ్ పోతే ఎపాక్సీ ముద్ద పెట్టకండి. ఎప్పుడూ. ఆ కంపెనీదే కొత్తది వేయించండి.
పప్పు కుక్కర్‌లో సగానికి మించకూడదు, నురగ వెయిట్ రంధ్రాన్ని మూసేస్తుంది.
దమ్ దించాక పావుగంట ఆగండి. పిండిని మీకు అవతలివైపు ముందు కోసి, మూత అటే ఎత్తండి. ముఖం వంచకండి. పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు.