పొయ్యి ఇచ్చే ముందు దాని మీద వండించండి

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్ల పక్కన రేకుల షెడ్లలో ఇంకా మూడు ఇటుకల పొయ్యిలే. కూలికి వచ్చినవాళ్లు సెంట్రింగ్ చెక్క ముక్కలు ఏరుకొచ్చి వండుకుంటారు. వాళ్లకి పొగ తక్కువ వచ్చే పొయ్యిలు అలవాటు చేయించడం నా పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ముందు చెప్పేది: పొగ మీద ఉపన్యాసం వద్దు. రోజూ కళ్లు మండేవాళ్లకి అది మనం చెప్పాలా?

మొదట ఊరికే కూర్చుని వంట చూడండి. జొన్నరొట్టె చేసే ఇల్లయితే పెనం అంతటా మంట తగలాలి. గటక చేసే ఇల్లయితే తెడ్డు గట్టిగా తిప్పినా పొయ్యి కదలకూడదు. ఇవి కుదరని పొయ్యి ఎంత చవకగా ఇచ్చినా మూలన పడుతుంది.

తర్వాత డెమో. గిన్నె ఆ ఇంట్లో వండే ఆమెదే, కట్టెలూ ఆమెవే. పాత పొయ్యికీ కొత్తదానికీ చెరి రెండు కేజీల కట్టె తూచి పెట్టి, రెండింటి మీదా ఒకే కొలత బియ్యం వండించండి. మిగిలిన కట్టెని ఆమె చేతే కాటాకి వేయించండి.

కట్టె పెట్టే తీరు అప్పుడే చూపించాలి. బొటనవేలంత సన్నంగా చీల్చాలి. పొయ్యి నోటి నిండా కుక్కకుండా కింద గాలి పోయే సందు ఉంచాలి. గాలి అందక సరిగ్గా మండనిదే పొగై బయటికొస్తుంది. చివరలు కాలేకొద్దీ లోపలికి జరుపుతూ ఉండాలి. పచ్చి కట్టె అయితే అందులోని నీరు ఆవిరవడానికే కొంత మంట పోతుంది, అందుకే వానలకు ముందే ఎండు కట్టె ఎత్తు మీద పేర్చుకోమనండి. రంగు చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఏ పొయ్యిలోనూ పెట్టొద్దని గట్టిగా చెప్పండి.

కట్టె కొనే బస్తీలో ఆదా మాట చెల్లుతుంది. సైట్‌లో కట్టె ఊరికే దొరుకుతుంది, అక్కడ మాత్రం పొద్దున పనికి పోయేలోపు అన్నం దిగుతుందా అన్నదే లెక్క.

ఎంత మంచి కట్టెల పొయ్యి అయినా గ్యాస్‌కి సాటి రాదు, ఆ మాట దాచకండి. పేద ఇళ్లకి గ్యాస్ కనెక్షన్ ఇచ్చే కేంద్ర పథకం ఉజ్జ్వల, 2021లో వచ్చిన దాని రెండో విడతలో వలస కూలీలు అడ్రస్ ప్రూఫ్ లేకపోయినా స్వీయ ధ్రువీకరణతో దరఖాస్తు చేసుకునే వీలు పెట్టారు. ఏజెన్సీలో అడగమనండి. 14.2 కేజీల సిలిండర్‌కి ఒకేసారి డబ్బు పెట్టలేనివాళ్లకి 5 కేజీలది కూడా ఉందని చెప్పండి.

ఇంకొకటి, చలికాలం రాత్రి నిప్పులున్న పొయ్యిని షెడ్డులో పెట్టుకుని తలుపేసుకోవద్దని పిల్లలకీ చెప్పాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వారం తర్వాత వంట వేళకి వెళ్లండి. పొయ్యి పక్కన పెట్టేసి ఉంటే “ఎందుకక్కా, ఏం కుదరలేదు?” అని అడిగి, చెప్పింది రాసుకుని పొయ్యి తయారుచేసేవాళ్లకి చేర్చండి.