సమత్వరణంతో కదిలే వస్తువు ప్రయాణించిన దూరాన్ని లెక్కించే విధానం

ఒక వస్తువు వేగం సమాన కాలవ్యవధుల్లో సమానంగా మారుతూ ఉంటే ఆ వస్తువు సమత్వరణంతో చలిస్తోందని అంటాం; వేగం మారే రేటే త్వరణం. అది ఎంత దూరం ప్రయాణించిందో కనుక్కోవడానికి హైస్కూలు నుంచే గమన సమీకరణాలను కంఠస్థం చేయిస్తారు. సమీకరణాలు నోటికి రావడం మంచిదే కాని, ఎక్కువ లెక్కలు తప్పేది అవి గుర్తులేక కాదు, వచ్చిన సంఖ్య దూరమో స్థానభ్రంశమో చూసుకోకపోవడం వల్ల. దూరం అంటే వస్తువు పోయిన దారి మొత్తం పొడవు; స్థానభ్రంశం అంటే బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటుకు దిశతో సహా ఉన్న సూటి ఎడం.

అడ్డంగా కాలాన్ని, నిలువుగా వేగాన్ని తీసుకొని గ్రాఫు గీస్తే సమత్వరణ చలనానికి ఒక వాలు సరళరేఖ వస్తుంది. ఆ రేఖకూ కాలాక్షానికీ మధ్యనున్న వైశాల్యమే స్థానభ్రంశం. తొలివేగంతో బయలుదేరి వేగం పుంజుకుంటున్న వస్తువుకైతే ఆ ఆకారంలో కింద దీర్ఘచతురస్రం, దానిమీద త్రిభుజం కనబడతాయి. దీర్ఘచతురస్ర వైశాల్యం తొలివేగం, కాలాల లబ్ధం. త్రిభుజం ఎత్తు త్వరణం, కాలాల లబ్ధం. దాని భూమి, అంటే అడుగు భుజం, మళ్లీ కాలమే. రెండు వైశాల్యాలనూ కూడితే సమీకరణం దానంతటదే వస్తుంది.

స్థానభ్రంశం = (తొలివేగం × కాలం) + ½ × త్వరణం × కాలం²

ఇందులోని ½ ఎక్కడిదని అడిగే విద్యార్థికి ఆ త్రిభుజాన్ని చూపించడం కంటే సూటి సమాధానం లేదు. లెక్కలో కాలం ఇవ్వకపోతే రెండో రూపం వాడాలి.

తుదివేగం² − తొలివేగం² = 2 × త్వరణం × స్థానభ్రంశం

త్వరణం ఇవ్వకపోతే తొలి, తుది వేగాల సగటును కాలంతో గుణిస్తే సరిపోతుంది. అయితే ఈ సగటు పద్ధతి త్వరణం మారకుండా ఉన్నప్పుడే చెల్లుతుంది. వేగాన్ని గంటకు కిలోమీటర్లలో ఇస్తే 5/18తో గుణించి సెకనుకు మీటర్లలోకి మార్చుకున్నాకే ప్రతిక్షేపించాలి.

‘4 సెకన్లలో’ అన్న ప్రశ్నకూ ‘4వ సెకనులో’ అన్న ప్రశ్నకూ జవాబు ఒకటి కాదు. నిశ్చలస్థితి నుంచి 2 మీ/సె² త్వరణంతో బయలుదేరిన వస్తువు 4 సెకన్లలో 16 మీటర్లు, 3 సెకన్లలో 9 మీటర్లు పోతుంది కనుక 4వ సెకనులో అది పోయింది 7 మీటర్లే. ఒక్కొక్క సెకనులో పోయిన దూరాలను వరుసగా రాస్తే 1, 3, 5, 7 అని బేసి సంఖ్యలు వస్తాయి. నిశ్చలస్థితి నుంచి సమత్వరణంతో బయలుదేరిన ఏ వస్తువుకైనా సమాన కాలవ్యవధుల్లోని దూరాలు ఈ నిష్పత్తిలోనే ఉంటాయని గెలీలియో 1638లో ప్రచురితమైన తన గ్రంథంలో నిరూపించాడు. నిట్టనిలువుగా పడే వస్తువు వేగాన్ని ఆనాటి సాధనాలతో కొలవడం కష్టం కాబట్టి ఆయన వాలుబల్ల మీద గుండ్లను దొర్లించి, కారిన నీటి బరువుతో కాలాన్ని కొలిచాడు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. గంటకు 72 కిలోమీటర్ల, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తున్న బస్సుకు డ్రైవరు బ్రేకు వేస్తే వేగం ప్రతి సెకనుకూ 5 మీ/సె చొప్పున తగ్గుతోందనుకుందాం. బ్రేకు పడిన 6 సెకన్లలో బస్సు ఎంత దూరం పోతుంది? త్వరణాన్ని −5గా తీసుకొని నేరుగా ప్రతిక్షేపిస్తే 120 − 90 = 30 మీటర్లు అని వస్తుంది. కాని 4 సెకన్లకే బస్సు ఆగిపోతుంది, అప్పటికే అది 80 − 40 = 40 మీటర్లు పోయి ఉంటుంది. బస్సు ఆగిన సంగతి సమీకరణానికి తెలియదు. అదే త్వరణం ఇంకా ఉందనుకొని బస్సును 10 మీటర్లు వెనక్కి నడిపించింది. కాబట్టి రుణ త్వరణం కనబడగానే తొలివేగాన్ని త్వరణ పరిమాణంతో భాగించి, వేగం ఎన్నో సెకనుకు సున్నా అవుతుందో ముందుగా తేల్చుకోవాలి. ఇచ్చిన కాలం అంతకు మించితే, ఆగిపోయే వస్తువు విషయంలో లెక్కను అక్కడే ముగించాలి. అడ్డు కనబడినప్పటి నుంచి బ్రేకు మీద కాలు పడేదాకా ఒక సెకను గడిస్తే ఆ సెకనులో త్వరణం లేదు. ఆ 20 మీటర్లను విడిగా లెక్కించి కలపాలి, అప్పుడు మొత్తం 60 మీటర్లు అవుతుంది.

వెనక్కి తిరిగే వస్తువు విషయంలో లెక్కను ముగించకూడదు, రెండుగా విడదీయాలి. 25 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిట్టనిలువుగా పైకి విసిరితే, గాలి నిరోధాన్ని వదిలేసి గురుత్వ త్వరణాన్ని 10 మీ/సె²గా తీసుకుంటే, అది నేలను తాకేసరికి ఎంత దూరం ప్రయాణిస్తుంది? పైదిశను ధనాత్మకంగా ఎంచుకుంటే స్థానభ్రంశం −25 మీటర్లు. దాన్ని మొదటి సమీకరణంలో పెడితే కాలానికి 5, −1 అని రెండు విలువలు వస్తాయి. విసరకముందు కాలంతో మనకు పని లేదు కనుక 5 సెకన్లే తీసుకోవాలి. మొదటి 2 సెకన్లలో బంతి 20 మీటర్లు పైకి పోయి క్షణకాలం ఆగుతుంది. అక్కడి నుంచి నేల 45 మీటర్లు; మిగిలిన 3 సెకన్లలో ½ × 10 × 9 = 45 మీటర్లు సరిగ్గా దిగుతుంది. గ్రాఫులో ఇది కాలాక్షానికి పైన ఒక త్రిభుజం, కింద ఒక త్రిభుజం. పై వైశాల్యంలోంచి కింది వైశాల్యాన్ని తీసివేస్తే −25 మీటర్ల స్థానభ్రంశం, రెండింటినీ కూడితే 65 మీటర్ల దూరం.